కొట్టంలోంచి పాడిన అత్త

మా అత్త లండనులో పోయిందని పోయిన వారం ఉత్తరం వచ్చింది. ఆమె అద్దెకున్న ఇంటి యజమానురాలు రాసింది. దహనం కూడా అయిపోయిందట. చదివి చెబితే నాయన చెనిక్కాయలు ఒలవడం ఆపలేదు.

"నాటకాలోళ్లతో పోయిన పొద్దే దానికి నీళ్లిడిచినా. ఇప్పుడు మళ్ల తలకు పోసుకోవల్లనా?" అన్నాడు.

ఆమె ఆయన సొంత చెల్లెలు. ఇంట్లో నేనొక్కదాన్నే తలకు పోసుకున్నాను. ఈ కరువులో రెండు బిందెల నీళ్లు పారబోశావని అమ్మ తిట్టింది.

కుందుర్పి దగ్గర మా పల్లెలో ఆమె పద్యం ఎత్తుకుంటే ఊరి బయట గొర్రెల దొడ్డి దాకా వినపడేదట. నాటకాల కంపెనీతో బళ్లారి, బెంగళూరు తిరిగి, అక్కడ ఇంకో బృందంతో ఓడెక్కింది. లండనులో ఆ బృందం చీలిపోయింది. తిరుగు టికెట్టు ఇచ్చే దిక్కు లేదు. హోటల్లో గిన్నెలు కడుగుతూ ఇంగ్లీషు నేర్చుకుంది. అక్కడి స్టేజీ మీద రాణి వేషం కట్టింది. సినిమాల్లో మాత్రం ఎప్పుడూ ఆయానే.

నన్ను చదివించమని అమ్మకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, అనంతపురం హాస్టల్లో చేర్పించింది ఆమే. నాకూ రాసేది. "చివరి బెంచీలో కూర్చున్నోడికి కూడా వినపడాల పాపా. వాడూ మనకోసమే వచ్చినాడు" అనేది. ఒకసారి ఇట్లా రాసింది: "దొరసాని నన్ను చెంపమీద కొట్టే సీను తొమ్మిదిసార్లు తీసినారు. తొమ్మిదిసార్లూ నిజంగానే కొట్టింది. బాగా ఏడ్చినానని మెచ్చుకున్నారు."

ఆ సినిమా అనంతపురం వచ్చింది. ఆ దెబ్బకు హాలంతా నవ్వింది. ఆమె మా అత్త అని పక్కనున్న స్నేహితురాళ్లకు నేను చెప్పలేదు.

మరుసటి ఏడు మా అవ్వ మంచం పట్టింది. చూపు పోయింది. కూతుర్నే కలవరిస్తుంటే చూడలేక నేనే అత్తకు రాశాను. వచ్చింది. నాయన వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మను ఒక్కసారి చూసి పోతానన్నా."

"ఈడ నీకెవరుండారు? వచ్చిన దావనే పో."

ఆమె పోలేదు. ఎద్దులను కరువుకు అమ్మేయగా ఖాళీ అయిన కొట్టంలో కూర్చుంది. లోపలినుంచి తల్లి తన పేరు పెట్టి పిలవడం ఆమెకు వినపడుతూనే ఉంది. మధ్యాహ్నం ఉన్నట్టుండి లేచి నిలబడి, రాగం తీసి స్టేజీ పద్యం ఎత్తుకుంది.

మంచం మీద అవ్వ తల తిప్పింది. "నా బిడ్డ వచ్చిందా?"

నాయన నావైపు చూశాడు. చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"లేదవ్వా. పంచాయతీ రేడియో" అన్నాను.

"అచ్చం నా బిడ్డ మాదిరే పాడతాండాదే" అని అవ్వ గోడవైపు తిరిగి పడుకుంది. మళ్లీ ఎవరినీ పిలవలేదు. మర్నాడు పొద్దున్నే పోయింది. శవాన్ని తాకడానికి కూడా అత్తను రానివ్వలేదు.

మగవాళ్లు పాడె ఎత్తుకుపోయాక నేను రోడ్డు దగ్గరకు పరుగెత్తాను. ఆమె బస్సు కోసం నిలబడి ఉంది.

"అబద్ధం చెప్పింది నేనే అత్తా" అని ఏడ్చాను.

"వినపడింది లే. గొంతు రవ్వంత కూడా వణకలేదు. నటన నీకు బాగా వస్తాది పాపా."

అందులో ఎగతాళి లేదు. తోటి నటిని మెచ్చుకున్నట్టే అంది. అందుకే ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

బస్సు వచ్చింది. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. ఆమె కదల్లేదు. ఎండిన చెనిక్కాయ చేను అవతల వంకలో కాష్టం పొగ లేస్తోంది. ఎండ పడకుండా కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, నావైపు వీపు పెట్టి, అత్త ఆ పొగనే చూస్తూ నిలబడింది.