ఫిల్టర్ విప్పుతుంటే పలికిన గొంతు

ఇది చెప్పేటప్పుడు కొందరు నా భార్య మీద ఒట్టు పెట్టమంటారు. పెట్టను. ఆ రాత్రి తర్వాత సుజాత మీద ఒట్టు పెట్టడం మానేశాను. కావాలంటే నా ఈ రెండు చేతుల మీద పెడతాను. ఆ చీకట్లో కారు బాగు చేసింది ఇవే. ఏం చేయాలో వీటికి చెప్పింది మాత్రం... ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

మాది నూజెండ్ల దగ్గర ఒక పల్లె. మిరప వేస్తాం. పొలం పనులు లేనప్పుడు ఒక పాత డీజిల్ కారు కిరాయికి తిప్పుతాను. ముగ్గురి చేతులు మారి నా దగ్గరికి వచ్చిన బండి. దాన్ని వినుకొండలో సుభాని అనే మెకానిక్ చూస్తాడు. ఆ రాత్రికి నెల ముందే బానెట్ ఎత్తి నాకు చూపించాడు.

"అన్నా, ఇదే డీజిల్ ఫిల్టర్. డీజిల్లో నీళ్ళుంటే బరువుకి అడుక్కి దిగుతయ్. కింద ఈ మర వదులు చేసి నెలకోసారి ఆ నీళ్ళు కారనియ్యాల. తర్వాత గాలి తియ్యాల. దానికి పైన ఇంకో మర, పక్కన ఈ చేతి పంపు. వరస తప్పితే బండి స్టార్ట్ కాదు. చూస్తన్నావా?"

"చూస్తన్నాలేరా."

చూడలేదు. ఫోన్లో మిరప రేటు చూసుకుంటున్నాను. ఫిల్టర్ చానా పాతదైంది, మార్చేయమన్నాడు. కాయ అమ్మాక మారుద్దాంలే అన్నాను. పైగా నేను చేసే ఇంకో దరిద్రప్పని అతనికి చెప్పలేదు. ట్రాక్టర్ కోసం కళ్ళంలో పెట్టుకున్న డ్రమ్ములోంచే కారుకీ డీజిల్ పోసేవాణ్ణి. దాని మూత సరిగా పట్టదు. ఆ మధ్య అకాల వానలు రెండు పడ్డాయి. అయినా ఆ సాయంత్రం అదే డ్రమ్ములోంచి పది లీటర్లు తోడి ట్యాంకులో పోశాను.

మిరపకాయలు ఆరబోసిన రోజులు కాబట్టి సుజాతా నేనూ కళ్ళంలోనే పడుకుంటున్నాం. పక్క కళ్ళంలో కోటమ్మ పెద్దమ్మ ఉంటుంది. చుట్టం కాదు, కానీ మా వీధిలో అందరికీ పెద్దమ్మే.

అర్ధరాత్రి దాటాక సుజాత నన్ను లేపింది.

"ఏమయ్యా... కడుపులో నొప్పిగా ఉంది. కళ్ళు మూతలు పడతన్నయ్యి."

నిద్రమత్తు అనుకున్నాను. టార్చ్ వేశాను. రెప్పలు పైకి లేపాలని చూస్తోంది... లేవటం లేదు. మాట ముద్దగా వస్తోంది. చెయ్యి పట్టుకుంటే మణికట్టు పైన రెండు చుక్కలు. వాపు లేదు. రక్తం లేదు. సూదితో పొడిచినట్టు రెండే చుక్కలు. పక్క దులిపాను. కింద పరుచుకున్న పట్టా మడతలోంచి నల్లగా, తెల్లటి కట్లతో... జారిపోయింది.

కట్లపాము.

నా కేకకి పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది. "మంత్రం వేసే ఆయన ఉన్నాడురా అయ్యా, ముందు ఆడికి పోదాం" అంది. "మంత్రం లేదు, ఏంలేదు పెద్దమ్మా. నువ్వెక్కు" అన్నాను. సుజాతని ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టాను. పెద్దమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. వినుకొండ ఆసుపత్రికి అరగంట. అంతే. అరగంట చాలు నాకు.

బండి మామూలుగానే లేచింది. ఊరు దాటింది. ఆరేడు కిలోమీటర్లు బాగానే పోయింది. అప్పుడు మీటర్ల మధ్య పసుపురంగు లైటు వెలిగింది. ఫిల్టర్ బొమ్మ, కింద నీటిచుక్కలు. ఆ లైటు నేను నెల రోజులుగా అప్పుడప్పుడూ చూస్తున్నదే. వచ్చి పోయేది. ఈసారి పోలేదు. ఎక్స్‌లేటర్ తొక్కితే ఇంజను ఎక్కిళ్ళు పెట్టింది. ఇంకా తొక్కాను. ఒక్క కుదుపు... ఇంకో కుదుపు... ఆగిపోయింది.

తాళం తిప్పాను. కర్ర్ర్... కర్ర్ర్... అంటుంది గానీ అంటుకోదు. మళ్ళీ తిప్పాను. మళ్ళీ. భయమేసి ఆపాను. బ్యాటరీ కూడా చస్తే ఇక అంతే.

చుట్టూ చిన్న కొండలు. ఒక్క దీపం లేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఒక లారీ వచ్చింది. రోడ్డు మధ్యకి పోయి చేతులు ఊపాను, దండం పెట్టాను. హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయింది. దాని వెనక ఎర్ర దీపాలు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా టైము లేదు.

బానెట్ ఎత్తాను. ఫోను టార్చ్ పళ్ళతో కరిచి పట్టుకున్నాను. ఫిల్టర్ కనిపించింది. కింద ఒక మర, పైన ఒక మర, పక్కన నల్లటి పంపు. ఏది ముందు? సుభాని నోరు కదలడం గుర్తుంది. మాటలు గుర్తు లేవు. ఒక్కటంటే ఒక్కటీ లేదు.

సుజాత నిద్రపోకూడదు అనిపించింది. ఎందుకో తెలియదు, మాట్లాడుతూ ఉంటే బతికుంటుంది అనుకున్నాను. టార్చ్ నోట్లోంచి తీసి గట్టిగా అరిచాను.

"సుజాతా! మాట్లాడవే! పలకవే!"

కీచురాళ్ళ రొద. ఇంజను వేడికి లోపల ఏదో టిక్... టిక్... అంటోంది.

"...పలుకుతన్నాగా."

నా ప్రాణం లేచొచ్చింది. తన గొంతే. ముద్దగా కాదు... తేటగా ఉంది. తగ్గుతోంది అనుకున్నాను. వెనక అద్దం సగం దించి ఉంది, అందులోంచి వినపడుతోంది అనుకున్నాను.

"మాట్లాడతా ఉండు. ఆపొద్దు. బండిలో నీళ్ళు దిగినయ్, తీస్తన్నా."

"ముందు కిందది తిప్పు. పైది ముట్టుకోమాక."

కింద మర పట్టుకుని తిప్పాను. వదులైంది. కింద ఖాళీ వాటర్ బాటిల్ పెట్టాను. జర్ర్ మని కారింది. టార్చ్ వెలుగులో బాటిల్ ఎత్తి చూశాను. పైన కొంచెం డీజిల్... కింద నాలుగు వేళ్ళ మందాన నీళ్ళు. మట్టి రంగు నీళ్ళు. నా పెళ్ళాం ప్రాణం మీదికి తెచ్చిన నీళ్ళు. నేనే తోడి పోసినవి.

"ఇంకా కారనియ్యి. రంగు మారిందాకా."

కారనిచ్చాను. డీజిల్ వచ్చాక బిగించాను. ఇప్పుడు పైది. దానికి పదో నంబరు పానా కావాలి. పానా పెట్టాను. చేతులు జారుతున్నాయి. పానా జారి ఖణేల్ మని లోపల ఎక్కడో తగిలి కింద పడింది.

మోకాళ్ళ మీద పడి కారు కింద తడిమాను. లేదు. టార్చ్ వేశాను. కంకర, గడ్డి, నా నీడ... పానా లేదు. ఇంకొకటి లేదు నా దగ్గర. నేల మీద నుదురు ఆనించి "అయిపోయింది... అయిపోయింది..." అనుకుంటున్నాను. పైకే అన్నానో, మనసులోనే అన్నానో తెలియదు.

"ఎడం టైరు ఎనకాల. గడ్డిలో."

చెయ్యి పెట్టాను. చల్లగా... పానా తగిలింది.

వెనక సీట్లో పడుకున్న మనిషికి కారు కింద పడ్డ పానా ఎట్లా కనపడుతుంది? ఇప్పుడు అడుగుతున్నాను ఈ మాట. అప్పుడు అడగలేదు. అప్పుడు ఎవరు ఏం చెప్పినా చేసేవాణ్ణే.

పై మర వదులు చేశాను. పంపు కొట్టాను. టుస్... టుస్... నురగ వచ్చింది. బుడగలు, అన్నీ బుడగలు.

"గాలి ఉంది. ఇంకా కొట్టు."

కొట్టాను. బొటనవేలు చర్మం లేచింది. టుస్... టుస్... టుస్...

"ఇంకా ఉంది."

"చాల్లేవే, టైము లేదు..."

"ఇంకా ఉంది. ఇప్పుడు బిగిస్తే దార్లో మళ్ళీ ఆగుద్ది."

ఆ మాట నా చెవి పక్కనే విన్నట్టుంది. మెడ మీద గాలి తగిలినట్టు కూడా. తిరిగి చూడలేదు. ఎందుకు చూడలేదో చెప్పలేను. చూస్తే చేతులు ఆగిపోతాయని భయం వేసింది, అంతే. తల దించుకుని కొట్టాను. బుడగలు తగ్గాయి. చివరికి పంపు గట్టిపడింది. నురగ లేకుండా తేట డీజిల్ సన్నగా ధార కట్టింది.

"ఇప్పుడు బిగించు. ట్యాంకు అడుగున ఇంకా ఉన్నయ్ నీళ్ళు. మెల్లగా పో... ఆపమాక."

బిగించాను. బానెట్ వేశాను. సీట్లో కూర్చుని తాళం తిప్పాను. కర్ర్ర్... కర్ర్ర్ర్... ఒక దగ్గు... ఇంకో దగ్గు... అంటుకుంది. గట్టిగా ఏడ్చేశాను.

"సుజాతా! బయల్దేరామే! ఇంకెంత, పావుగంట!"

జవాబు లేదు.

"సుజాతా?"

పెద్దమ్మ అంది... "ఇందాకట్నించీ ఎవురితోరా అయ్యా మాట్టాడతన్నావు? పిల్ల మాట పడిపోయి చానాసేపయింది. బండి ఆగకముందే పడిపోయింది. నిన్ను పిలుస్తానే ఉన్నా... నువ్వు నీలో నువ్వే మాట్టాడుకుంటన్నావు."

వెనక్కి తిరిగాను. సుజాత రెప్పలు సగం మూసుకుని ఉన్నాయి. పెదవి చివర నురగ. దవడ వేలాడుతోంది. ఛాతీ కదులుతోందా లేదా అన్నట్టు కదులుతోంది.

ఆ పావుగంట ఎట్లా నడిపానో నాకు తెలియదు. మెల్లగా పోయాను. ఆపలేదు. రెండుసార్లు ఇంజను ఎక్కిళ్ళు పెట్టింది, ఆగలేదు. వినుకొండలో ఇంజక్షన్లు మొదలుపెట్టి, గొంతులోకి గొట్టం వేసి, అంబులెన్సులో నరసరావుపేట పంపారు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే ఊపిరి ఆగిపోయేదని అక్కడి డాక్టరు చెప్పాడు. ఐదు రోజులు మిషను మీద ఉంది. ఐదు రోజులూ నేను ఆసుపత్రి వరండాలో నేల మీదే ఉన్నాను.

నన్ను నేను సమాధానపరుచుకున్నాను. సుభాని చెప్పింది చెవిన పడే ఉంటుంది, భయంలో బయటికొచ్చింది, సుజాత గొంతు నేనే ఊహించుకున్నాను. పానా దొరకడం అదృష్టం. అంతే. దాదాపు నమ్మేశాను కూడా.

ఆరో రోజు గొట్టం తీశారు. నన్ను లోపలికి పంపారు. సుజాత మొహం పీక్కుపోయి ఉంది. చెయ్యి పట్టుకున్నాను. గుసగుసగా ఏదో అంది. చెవి దగ్గర పెట్టాను.

"ఆ రాత్రి... నాకన్నీ వినపడతానే ఉన్నయ్యి."

డాక్టరు చెప్పాడు ఆ సంగతి. ఆ విషానికి ఒళ్ళు కదలదు, కన్ను తెరుచుకోదు, మాట రాదు. కానీ లోపల తెలివి ఉంటుంది, వినపడుతుంది.

"నన్ను పిలిచావు. పలుకుదామని చూశా. నోరు రాలా."

"ఊరుకో, మాట్లాడమాక."

"నోరు రాలేదయ్యా. కానీ... పలికింది."

నా చేతిని పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి.

"నా గొంతే. నేను కాదు. కార్లోంచి కాదు... బయట. నువ్వున్న కాడ. నీ పక్కన."

పెద్దమ్మకి వినపడలేదు. మాట రాని మనిషికి వినపడింది. నాకు వినపడింది. ఇందులో ఏది పట్టుకుని ఏం తేల్చుకోవాలి? మేలు చేసింది కదా, దేవతే అంటుంది పెద్దమ్మ. కావచ్చు. దేవతైతే నా భార్య గొంతుతో ఎందుకు మాట్లాడాలి? ఆ గొంతు అప్పుడు సుజాత దగ్గర లేదు. ఆ సంగతి తెలిసే తీసుకుందా?

సుజాత ఇప్పుడు బాగుంది. మేమిద్దరం ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ చీకటి పడ్డాక తను పక్క గదిలోంచి నన్ను పిలిస్తే, నేను వెంటనే పలకను. లేచి వెళ్ళి, తన పెదాలు కదలడం చూసి, అప్పుడు పలుకుతాను.

ఇప్పటిదాకా ప్రతిసారీ తనే.