బెల్లం పాకలో దగ్గు

నేను పది మాటలంటే తొమ్మిది కోతలేనని మా ఆవిడ అంటుంది. ఇది ఆ పదో మాట. నా కళ్ల ముందు... కాదు, నా చెవుల ముందు జరిగింది.

తొంభైల చివర్లో సంగతి. ఆరో తరగతితో బడికి దండం పెట్టేసిన నేను, చోడవరంలో ఒక చిన్న ఆసుపత్రి జీపు నడిపేవాణ్ణి. ఎయిడ్స్ వచ్చినవాళ్లకి ఊళ్లు తిరిగి మందులిచ్చే జీపు. అసలు జబ్బుకి అప్పట్లో మా దగ్గర మందే లేదు. దాంతోపాటు వచ్చే టీబీకి మాత్రలిచ్చేవాళ్లం. ఆర్నెల్లు వేసుకోవాలి. మధ్యలో మానితే పడ్డ పాటంతా వృథా. ఒకరికి మొదలుపెట్టేసరికి ఇంకొకరు పోయేవారు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే చెయ్యి లేచేది కాదు.

మా జీపు ఎవరి గుమ్మం ముందు ఆగితే వాళ్లని ఊరి బోరింగు దగ్గరికి రానిచ్చేవారు కాదు. అందుకే చీడికాడ వైపు ఒక ఊళ్లో ఉండే పైడమ్మ షరతు పెట్టింది. ఊరవతల బెల్లం వండే పాక. చెరకు ఆడని కాలంలో అటు ఎవరూ రారు. ప్రతి గురువారం చీకటి పడ్డాక, వారానికి సరిపడా మాత్రలు అక్కడ బోర్లించిన కుండ కింద పెట్టాలి. వాడేసిన ఖాళీ అట్టలు ఆమె అక్కడే ఉంచుతుంది. లైటు వేయకూడదు. పేరు పెట్టి పిలవకూడదు. నాలుగు నెలలు ఆమె దగ్గు విన్నాను, తిట్లు విన్నాను. ముఖం మాత్రం చూడలేదు.

ఆ గురువారం మా నర్సు సిస్టరమ్మకి జ్వరం. ఒక్కణ్ణే బయల్దేరాను. దారిలో పంచరు. పాక చేరేసరికి ఎనిమిదైంది. కరెంటు లేదు. మాడిన బెల్లం వాసన. కాళ్ల కింద చెరకు పిప్పి... కర్... కర్...

పొయ్యి వెనక దగ్గు.

“అక్కా, ఇయాల సిస్టరమ్మ రాలేదు. చీవాట్లు తప్పాయి నీకు,” అన్నాను.

ఇంకెప్పుడైనా అయితే “నీ నోరు పడిపోనూ” అనేది. ఆ రోజు తిట్టు రాలేదు.

ఊపిరి. గుర్... గుర్... ఆగింది.

“ఇంకెన్నోరాలు బాబూ?” గొంతు కాదు అది... గుసగుస.

“ఎనిమిదే. గట్టెక్కేసినట్టే.”

“ఎనిమిది...”

కుండ ఎత్తాను. ఖాళీ అట్టలు, ఎప్పట్లాగే గుడ్డపీలికతో ముడేసి ఉన్నాయి. అవి తీసుకుని, పొట్లం పెట్టి వచ్చేశాను.

రోడ్డెక్కుతుంటే ఒక ముసలాయన చెయ్యెత్తి ఆపాడు. చుట్ట నిప్పు తప్ప ఏమీ కనపడలేదు.

“పైడమ్మకి మాత్తర్లేనేటి? ఆలీసం సేసేవు బాబూ. ఆదోరం పోయింది గదా.”

నాలుగు నెలల మా గుట్టు ఊరంతటికీ తెలుసన్నమాట! ముందు నవ్వొచ్చింది. తర్వాత... మరి ఇందాక దగ్గిందెవరు? జీపు తిప్పాను. హెడ్‌లైట్లు పాకలోకి కొట్టాను. ఎవరూ లేరు. కుండ బోర్లించే ఉంది. మెల్లగా ఎత్తాను...

పొట్లం లేదు.

మర్నాడు సిస్టరమ్మ అట్టలు పరిచి చూసింది. ఆదివారం పోయిన మనిషి మాత్రలు బుధవారం దాకా ఖాళీ!

“దెయ్యం కాదు తమ్ముడూ,” అంది. “మనకి సెప్పుకోలేక దాక్కున్న మనిషింకెవరో ఉన్నారు. అలాగైతే ఎనిమిదోరాలు సాలవు. ఆర్నెల్లూ ఏసుకోవాల. ఎల్లి సెప్పు.”

చెప్పాను. ప్రతి గురువారం ఆ చీకట్లో నిలబడి “ఆర్నెల్లు! ఆర్నెల్లేసుకోవాల!” అని ఖాళీ పాకతో అరిచాను. దగ్గు లేదు. కానీ పొట్లం పోయేది. ఖాళీ అట్టలు వచ్చేవి... అదే ముడితో.

ఆ రాత్రితో కలిపి సరిగ్గా ఎనిమిది వారాలు.

తొమ్మిదో పొట్లం పదో వారానికీ కుండ కిందే ఉంది. చెమ్మకి మెత్తబడిపోయింది.

ఇప్పటికీ చీడికాడ బస్సులో ఎవరైనా దగ్గితే వెనక్కి తిరిగి చూస్తాను. పైడమ్మే అయితే బాధ లేదు... తన మందు పూర్తి చేసుకునే వెళ్లింది. మనిషే అయితే... ఎనిమిదని చెప్పిన నోరు నాదే.