పురిటి కంబళి

తిప్పయ్య చేతులు మోచేతుల దాకా చింతగింజల గంజిలో ఉన్నాయి. వీధికి ఆ కొస ఒక రాటకు, ఈ కొస ఒక రాటకు బిగించి కట్టిన నల్ల ఉన్ని పడుగు మీద కుంచెతో గంజి పూసుకుంటూ పోతున్నాడు. ఎండ ఎక్కకముందే పూయాలి, ఎక్కేసరికి ఆరాలి. ఒక్క పోగుకు గంజి తక్కువైనా అది మగ్గం మీద పీచులేచి పక్క పోగును పట్టుకుంటుంది. అందుకే ఆ పని మీద ఉన్నప్పుడు తిప్పయ్య ఎవరు పిలిచినా పలకడు. నల్లమాడ పక్కనున్న ఆ కురుబల వీధిలో ఈ సంగతి కుక్కలకు కూడా తెలుసు.

తెలియని మనిషి హేమలత ఒక్కతే. ఆటో దిగి, మడిచిన కంబళి చంకన పెట్టుకుని నేరుగా పడుగు దగ్గరికే వచ్చింది.

"తిప్పయ్యన్నా, ఒక మాట."

కుంచె ఆగలేదు. గడపలో ఉన్ని ఏకుతున్న తిప్పయ్య భార్య కదిరమ్మ విల్లు పక్కన పెట్టి లేచింది.

"కూసోమ్మా. ఆ కొసకు పోయేదాకా ఆయప్పకు చెవులుండవు" అని గోనెపట్టా పరిచింది.

హేమలత ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఇంటి కోడలు. ఇన్నేళ్ళూ అంగట్లో కూర్చుని చీరలు విప్పీ మడిచీ, బేరాలు వినీ వినీ ఆమెకు మాటలంటేనే విసుగు పుట్టింది. పుట్టింటివాళ్ళు ఇచ్చిన మెట్ట భూమి గుట్ట పక్కన ఉంటే, అక్కడ నాలుగు గదుల ఇల్లు కట్టించింది. పట్నాల నుంచి వచ్చి రెండు రోజులు ఊరికే ఉండి పోయేవాళ్ళ కోసం. రాతి గోడలు, మట్టి పూత, కింద తాడిపత్రి బండలు. గదికి రెండు నులక మంచాలు, ఒక కూజా, గోడకొక కొయ్య, గూట్లో దీపం. అంతే. టీవీ లేదు, గడియారం లేదు, కడకు క్యాలెండరు కూడా లేదు. ఊళ్ళోవాళ్ళు దానికి ఖాళీ ఇల్లని పేరు పెట్టారు.

"దుడ్లిచ్చి మరీ ఏమీ లేని ఇంట్లో ఉండేదానికి వస్తారా? మన ఇండ్లలో ఉత్తపుణ్యానికే ఏమీ లేదు గద బావా!" అని కదిరమ్మ తమ్ముడు బయ్యన్న వచ్చినప్పుడల్లా నవ్వుతాడు. బయ్యన్న బెంగుళూరులో కట్టడాల దగ్గర మేస్త్రీ. బావకు అక్కడ వాచ్‌మన్ పని చూసి పెట్టాడు. ఉగాది దాటాక వచ్చి తీసుకుపోతానన్నాడు.

తిప్పయ్య వద్దనలేకపోయాడు. మిల్లు రగ్గులు సైకిళ్ళ మీద ఊరూరికీ వస్తున్నాయి. వరుసగా వానలు లేక గొర్రెలవాళ్ళు మందలకు మందలే అమ్ముకున్నారు. గొర్రెలే లేని కాపరికి కంబళి ఎందుకు? మగ్గం గుంత పూడ్చేసి పోదామని మొగుడూ పెళ్ళాలు అనుకున్న వారంలోనే హేమలత వచ్చి గదికి రెండు చొప్పున ఎనిమిది కంబళ్ళు కావాలంది. ఇవి కుదిరితే ఏటేటా కావాలనీ, తనలాంటి ఇళ్ళు నడిపేవాళ్ళకు కూడా చెప్తాననీ అంది. నాలుగు ఇచ్చారు. ఇంకో నాలుగింటి పడుగే ఇప్పుడు వీధిలో ఆరుతున్నది.

తిప్పయ్య ఆ కొసకు పోయి, చేతులు కడుక్కుని వచ్చాడు.

"ఇప్పుడు చెప్పమ్మా."

హేమలత కంబళి మడత విప్పింది. "వచ్చినవాళ్ళు దీన్ని కప్పుకోలేకపోతున్నారన్నా. ఒకామెకు మెడంతా ఎర్రగా దద్దుర్లు వచ్చినాయి. అందరూ మడిచి కింద పెడుతున్నారు."

తిప్పయ్య ముఖం ముడుచుకుపోయింది. "గొర్రె బొచ్చు గొర్రె బొచ్చు మాదిరే ఉంటాది గానీ, పట్టుచీర మాదిరి ఉంటాదా? వాన పడితే చుక్క దిగదు. ముండ్లకంప మీద పరిచి పండుకున్నా ముల్లు దిగదు. నా చేతి కంబళిని ఇంతవరకూ ఎవరూ తిరిగి తెచ్చింది లేదు."

"నేను తిరిగియ్యలేదన్నా."

"చంకన పెట్టుకొని వస్తివి గదమ్మా. ఇంకేమంటారు దీన్ని?"

హేమలతకు నవ్వొచ్చింది. "నాకు వాదించడం రాదు. ఒక పూట మా ఇంటికొచ్చి పండుకొని చూడు. నీ కంబళి బాగుందంటే ఇంక నోరెత్తను."

"పగటిపూట పండుకోవల్లనా? జ్వరమొస్తే తప్ప నేను..."

"పోయి రాపో" అంది కదిరమ్మ. "పెండ్లయినప్పటి నుంచి కదిరి తిరణాలకు తప్ప యాడికన్నా పోయినావా?"

తిప్పయ్యకు ఈ పని చెయ్యి పట్టి నేర్పినవాళ్ళు లేరు. తండ్రి చూపు పోయి మగ్గం దిగేనాటికి అతనింకా గొర్రెల వెంట తిరిగే పిల్లవాడు. కాపరులు పారేసిన చినిగిన కంబళ్ళు తెచ్చుకుని, ఒక్కొక్క పోగే ఊడదీస్తూ, ఏది దేని కింద పోయిందో చూసుకుంటూ నేర్చుకున్నాడు. తప్పు పడితే గుడ్డితండ్రి చేత్తో తడిమి, "ఈడ తోవ తప్పినావు" అనేవాడు. ఏ పోగు ఎందుకు తెగిందో తిప్పయ్యకు ఇప్పటికీ నోటితో చెప్పడం రాదు. అతికి చూపించడం వచ్చు.

మరునాడు పొద్దున్నే ఖాళీ ఇంటికి పోయాడు. హేమలత వేడినీళ్ళు కాయించింది. ఒళ్ళంతా ఆముదం పట్టించుకుని, సున్నిపిండితో రుద్దుకుని స్నానం చేశాడు. సంగటి, ఊరుబిండి పచ్చడి, గడ్డపెరుగు పెట్టింది. ఎంగిలాకు తీయబోతే, "పెట్టెయ్యన్నా, ఈ పూట నీకు ఏ పనీ లేదు" అంది. గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

లోపల చల్లగా ఉంది. చూసేదానికి ఏమీ లేకపోయేసరికి గోడనే చూశాడు. మట్టి పూసినవాళ్ళ వేళ్ళ జాడలు పైదాకా తెలుస్తున్నాయి. బయట గాలి మర ఏదో తిరుగుతున్న చప్పుడు దూరం నుంచి వస్తున్నది. నడుము వాల్చి, పంచె తప్ప ఒంటి మీద మరేమీ లేకుండా, తన కంబళి నిండా కప్పుకున్నాడు. ఇంత సుఖం కూడా ఉంటుందా అనుకున్నాడు.

ముందు వీపు జివ్వుమంది. తర్వాత మెడ. ఆ పైన మోకాళ్ళ వెనక. ఎంత ఓర్చుకుందామన్నా చెయ్యి దానంతట అదే గోకడానికి పోతున్నది. కాసేపటికి లేచి కూర్చుని రెండు చేతులా గోక్కోవడం మొదలుపెట్టాడు. మజ్జిగ చెంబుతో తలుపు తోసిన హేమలత అక్కడే ఆగిపోయింది.

"నవ్వొద్దు" అన్నాడు తిప్పయ్య గోక్కుంటూనే.

"నవ్వలేదన్నా."

"కంట్లో నవ్వుతాండావు."

ఇంటికి నడిచి పోతుంటే దారిలో అసలు సంగతి తోచింది. పుట్టినప్పటి నుంచి కంబళిలోనే పండుకున్నాడు. కానీ కొత్త కంబళిలో ఒక్కనాడూ పండుకోలేదు. కొత్తది ఎప్పుడూ అమ్మకానికే పోతుంది. నేసినవాడి ఇంట్లో మిగిలేది పాతదే, వానలకూ ఎండలకూ గంజి దిగి, ఏళ్ళ తరబడి ఒళ్ళు రాసుకుని మెత్తబడినది. పైగా కాపరి చొక్కా మీద, దుమ్ము మీద కప్పుకుంటాడు. తలంటు పోసుకున్న ఒంటి మీద కాదు.

కదిరమ్మ అంతా విని పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు తగ్గాక అతను మెల్లగా అన్నాడు. "పురిటి కంబళి మాదిరి నేస్తే సరిపోతాది."

ఆమె నవ్వు అక్కడే ఆగింది.

బాలింత కోసం, బిడ్డ కోసం నేసే కంబళి అది. గొర్రెపిల్లలకు మొదటిసారి కత్తెర పెట్టినప్పుడు వచ్చే ఉన్నితో వడుకుతారు. పలచటి గంజితో నేసి, కుంకుడుకాయ నీళ్ళలో తొక్కి ఆ గంజి కూడా దించేస్తారు. కూతురికో కోడలికో ఒడిలో పెట్టి ఇస్తారు. దాన్ని అమ్మిన ఇల్లు ఆ వీధిలో లేదు.

"పురిటి గుడ్డ అమ్ముకొని బతుకుదామా? వడికేది నేను. నేను వడకను" అంది కదిరమ్మ.

ఆమె వడకందే తిప్పయ్య మగ్గం లేదు. రెండు రోజులు ఇంట్లో మాటలు పలచబడ్డాయి. బయ్యన్న ఉగాది మరునాడు వస్తానని ఎవరితోనో కబురు కూడా పెట్టాడు. మూడో రోజు సంగటి కెలుకుతూ కదిరమ్మే అడిగింది.

"ఆడికి వచ్చినోళ్ళు ఏం చేస్తారు?"

"ఏమీ చెయ్యరు. పండుకుంటారు."

"వంట?"

"ఆయమ్మే చేయించి తెచ్చి పెడతాది. నీళ్ళు కూడా కాంచిస్తాది."

"గదిలో ఏముంటాది?"

"మంచం, కూజా, దీపం. వెలుతురు కొంచెమే వస్తాది. ఎవరూ పిలవరు, పని చెప్పరు."

కదిరమ్మ తెడ్డు ఆపింది. "అది పురిటిల్లే గదయ్యా! మంచం, వేడినీళ్ళు, పెట్టేవాళ్ళు ఒకరు, పని చెప్పేవాళ్ళు లేరు. మా ఆడోళ్ళం జన్మలో నడుము వాల్చేది ఆ నెలే గదా. నాకు ముగ్గురు పుట్టినారు కాబట్టి మూడు నెలలు పండుకున్న్యా."

సంగటి ముద్ద చేసి అతని పళ్ళెంలో వేసింది.

"వడుకుతా. అయితే మొదటిది నా చేత్తో ఆయమ్మ ఒడిలో పెడతా. దానికి పైసా ముట్టగూడదు. తక్కినవాటికి నీ ఇష్టం."

వీధిలో ఆరిన పాత పడుగును చుట్టి పక్కన పెట్టేశారు. గొర్రెపిల్లల ఉన్ని కోసం గొర్రెల ఆదెన్న మందలో మిగిలిన పిల్లలన్నిటికీ కత్తెర పెట్టించారు. కదిరమ్మ వడికింది. పలచటి గంజికి పోగులు ఊరికే తెగాయి. దినానికి మూరెడు నేయడం కూడా గగనమైంది. తెగిన ప్రతి పోగునూ తిప్పయ్య ఉమ్మితడి చేసి అతికాడు. మొదటి కంబళి దిగిన రోజు, కరెంటు వచ్చే వేళకు పక్క రైతు బోరు దగ్గరికి తీసుకుపోయి, తొట్టిలో కుంకుడు నీళ్ళు పోసి ఇద్దరూ తొక్కారు. మెత్తగా, వెన్నలాగా వచ్చింది. ఆరేశాక చూస్తే నిలువునా అడ్డంగా కుంచించుకుపోయి మోకాళ్ళ దాకా కూడా రావడం లేదు.

పురిటి కంబళి చిన్నది కాబట్టి ఎంత కుంచించుకుపోతుందో ఇంతవరకూ ఎవరూ చూసుకోలేదు. తిప్పయ్య కూడా చూసుకోలేదు.

సరిగ్గా అప్పుడే బయ్యన్న సంచీతో దిగాడు. దండెం మీది కంబళిని చూశాడు.

"బావా, ఆయమ్మ ఇంటికొచ్చేవాళ్ళంతా పొట్టి గుజ్జోళ్ళా?"

తిప్పయ్య తడి కంబళిని మూరతో కొలుస్తున్నాడు, మగ్గం మీది పడుగును కొలుస్తున్నాడు, మళ్ళీ కంబళి దగ్గరికి వస్తున్నాడు.

"రేపు పొద్దున బస్సుకు పోవల్ల. మాట ఇచ్చినా వాళ్ళకు" అన్నాడు బయ్యన్న.

"పని మీద ఉండా."

"ఏం పని బావా! ఆ గుంత పూడ్చేదానికి మనుషులను పిలుస్తా."

"బయ్యన్నా," అంది కదిరమ్మ, "నీ నోటికంటే నీ కాళ్ళు గట్టివి. ఉంటే ఉండి తొక్కు, లేకుంటే పో."

అతను వారం రోజులు ఉన్నాడు. తిప్పయ్య పడుగు వెడల్పు పెంచి, పొడవుకు రెండు మూరలు కలిపి, పేకను కొంచెం వదులుగా వేసి రెండోది దించాడు. అది అప్పటికే మగ్గం మీద సగం నేసి ఉన్నదే, విప్పి మళ్ళీ ఎక్కించాడు. రాత్రీ పగలూ అని చూసుకోలేదు. కుంకుడు నురగలో మోకాలి దాకా దిగి తొక్కుతూ బయ్యన్న, "బెంగుళూరులో నా కింద నలభై మంది పని చేస్తారు, ఈడ నేను బొచ్చు తొక్కుతాండా" అన్నాడు.

"మడమతో తొక్కొద్దు, పాదంతో తొక్కు" అన్నాడు తిప్పయ్య.

ఆరాక కొలిస్తే నిలువెత్తు మనిషికి పాదాలు దాటి జానెడు మిగిలింది. తిప్పయ్య చొక్కా విప్పి దాన్ని మెడ చుట్టూ కప్పుకుని, అరుగు మీద చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు. గోక్కుంటాడేమోనని అక్కాతమ్ముళ్ళు ఎదురు చూశారు. గోక్కోలేదు. మరునాటి బస్సుకు బయ్యన్న ఒక్కడే పోయాడు. పోతూ పోతూ, "వాచ్‌మన్ పనికి ఇంకొకరిని పెట్టుకోమని చెప్తా" అన్నాడు.

పొట్టిగా వచ్చినది కాక, ముందిచ్చిన నాలుగింటి బదులు కూడా కలిపి ఎనిమిదీ అయ్యేసరికి ఎండలు ముదిరాయి. ఎద్దులబండి కట్టించుకుని మొగుడూ పెళ్ళాలు ఖాళీ ఇంటికి పోయారు. ఒక గది తలుపు మూసి ఉంది. అనంతపురం నుంచి ఎవరో వచ్చారట, నిద్రపోతున్నారట. హేమలత అరుగు మీద చాప పరిచింది.

"చాప వద్దు, నువ్వు కూసో" అంది కదిరమ్మ. హేమలత కూర్చున్నాక కొంగు సర్దించి, సరిగ్గా కుదిరిన మొదటి కంబళిని ఆమె ఒడిలో పెట్టింది. "దీంట్లో పండుకున్నోళ్ళను మధ్యలో లేపగూడదు. పని చెప్పగూడదు. మా ఇండ్లల్లో ఇచ్చేటప్పుడు ఇట్లనే చెప్తారు."

హేమలత దాన్ని చెంపకు ఆనించుకుంది, మెడకు ఆనించుకుంది. మోచేతి లోపలివైపు రుద్దుకుంది. తక్కిన ఏడింటినీ కూడా ఒక్కొక్కటే అట్లాగే చూసింది. తిప్పయ్య స్తంభానికి ఆనుకుని ఆమె చేతినే చూస్తూ నిలబడ్డాడు.

ఎనిమిదోది మడిచి పెట్టి ఆమె తలెత్తింది. "ఆదెన్న మందకు మళ్ళీ ఎప్పుడు కత్తెర పెడతారన్నా?"

"వాన పడి పిల్లలు మేత మేస్తే, దసరాకు."

"దసరాకు ఇంకో ఎనిమిది. కదిరిలో మావాళ్ళది ఒక ఇల్లుంది, వాళ్ళకు."

తిప్పయ్య తలాడించాడు. కంబళ్ళు భుజాన వేసుకుని గదుల్లోకి పోయాడు. మూసిన తలుపు దగ్గర మాత్రం చప్పుడు కాకుండా రెండింటిని గడప పక్కన పెట్టాడు. మిగతా గదుల్లో మంచానికొకటి పరిచి, నాలుగు మూలలూ లాగి, అరచేత్తో పైనుంచి కిందికి ఒకసారి రాసి చూసి, బయటికి వచ్చాడు.

"అన్నీ పెట్టేసినానమ్మా. చూసుకో."