డాట్ గ్రూప్ వచ్చిన ఏడాది

2015లో నేను రాయ్‌పూర్ శివారులోని ఒక ప్రైవేటు ఇనుప కడ్డీల కర్మాగారంలో సిస్టమ్స్ మేనేజర్‌ని. హోదాలో వైస్ ప్రెసిడెంట్‌కి రెండు మెట్లు కింద. ఆ వైస్ ప్రెసిడెంట్ యజమానికి బావమరిది. ఆయన అర్హతల్లో చెప్పుకోదగ్గది అదొక్కటే. ఒక రోలింగ్ మిల్లు, ఒక రైస్ మిల్లు ఉన్న వ్యాపారాన్ని ఆయన ‘గ్రూప్’ అనేవారు. నేను చేరకముందే ఊళ్లో శంకర్ నగర్‌లో ఆఫీసున్న కన్సల్టెంట్ ఒకాయన ఆ ముచ్చట తీర్చడానికి లోపలి కంప్యూటర్లన్నిటికీ డాట్ గ్రూప్‌తో ముగిసే పేర్లు పెట్టాడు.

మనం కొనని పేరు వాడకూడదని నేను చెప్పాను. బయట అలాంటి పేరే లేదు కదా అని ఇద్దరూ నవ్వారు. నిజమే, అప్పటికి లేదు. గేటు దగ్గర లారీలు తూచే కాంటా కంప్యూటర్, సర్వర్ ఎక్కడుందని ముందు బయటి ఇంటర్నెట్‌ను అడిగేది. ‘ఆ పేరు లేదు’ అని జవాబు వచ్చాక లోపల వెతుక్కునేది. ఆ ‘లేదు’ మీదే మా తూకాలన్నీ నడిచాయి. ఈలోగా డాట్ కామ్, డాట్ ఇన్ లాంటి చివరి ముక్కల సరసన కొత్తవి వందల కొద్దీ చేర్చడం మొదలైంది.

దసరా వెళ్లాక ఒక ఉదయం కాంటా ఆగిపోయింది. లోడు లారీలు మెయిన్ రోడ్డు దాకా నిలబడ్డాయి. కన్సల్టెంట్ వచ్చి చూస్తే సర్వర్ చిరునామా ఉండాల్సిన చోట 127.0.53.53 అని ఉంది. 127తో మొదలయ్యే చిరునామాకు ‘ఈ కంప్యూటరే’ అని అర్థం. తనకు వచ్చిన ఆ ఒక్క ముక్కతో మహానుభావుడు కేసు తేల్చేశాడు: దాడి ఈ యంత్రం లోపలి నుంచే జరిగిందట. దాని ముందు కూర్చునేది కాంటా ఆపరేటర్ అప్పలనాయుడు. దొంగ తూకాల కోసం అతనే చెడగొట్టాడని వైస్ ప్రెసిడెంట్ సస్పెన్షన్ ఆర్డర్ టైపు చేయించి, పోలీసులను పిలవమన్నారు.

నాయుడిది రాయ్‌పూర్‌లోని గుఢియారీ పేటలో స్థిరపడిన శ్రీకాకుళం రైల్వే కుటుంబం. నా గదికొచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“సార్, నేనేటీ ముట్టుకోలేదు. మెషీన్ ఖుద్ బంద్ అయిపోనాది. నన్ను చోర్ అంతన్నారు. పోలీసులొస్తే మా ఇంట్లోవోల్లకి ఏటని చెప్పాల?”

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ అంకెల్ని అలాగే ఇంటర్నెట్‌లో వెతికితే మొదటి పేజీలోనే సంగతి ఉంది. పేర్ల చివర వచ్చే కొత్త ముక్కను అమ్మకానికి తెరిచే ముందు కొంతకాలం, దాని కింద ఏ పేరు అడిగినా కావాలనే ఈ చిరునామా ఇస్తారు. పేర్ల సేవకు వాడే పోర్టు నంబరు 53. చూసినవాడు ఆగి ఆరా తీయాలని దాన్ని రెండుసార్లు పెట్టారు. అది హెచ్చరిక. డాట్ గ్రూప్ ఇప్పుడు నిజంగా ఉంది, మనది మాత్రం కాదు. ‘లేదు’ అనే జవాబు రాక కాంటా కంప్యూటర్ లోపల వెతకడం మానేసింది.

వివరిస్తే వైస్ ప్రెసిడెంట్‌కి ఎక్కలేదు. అందుకని కన్సల్టెంట్ ల్యాప్‌టాప్‌ను అతని మొబైల్ ఇంటర్నెట్‌కే కలిపించి, వైస్ ప్రెసిడెంట్ ఇంటిపేరు చివర డాట్ గ్రూప్ తగిలించి, ఆ పేరుకు ఏ చిరునామా వస్తుందో పింగ్ కొట్టి చూడమన్నాను. అదే 127.0.53.53 వచ్చింది. నాయుడు శంకర్ నగర్ దాకా వెళ్లి ఇదీ చెడగొట్టాడంటారా అని అడిగాను. కన్సల్టెంట్ ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకున్నాడు. వైస్ ప్రెసిడెంట్ మాత్రం మన పేరు దొంగిలించినందుకు ఇంటర్నెట్ మీద కేసు వేయవచ్చా అని వాకబు చేశారు.

సర్వర్ అసలు చిరునామాను కాంటా కంప్యూటర్‌లోనే రాసిపెట్టాక, మధ్యాహ్నానికి కాంటా పనిచేసింది. ఆర్డర్ చింపేశారు. నాయుడికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. పైగా జాగ్రత్త కోసమంటూ అతని నెత్తిన కెమెరా బిగించారు. పేర్లన్నీ మార్చే కాంట్రాక్టు కన్సల్టెంట్‌కే దక్కింది.

సొంతం కాని పేరు మీద నెట్‌వర్క్ కట్టకూడదన్నది ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. నేను అక్కడ నేర్చుకున్నది వేరు. హెచ్చరిక ఎంత స్పష్టంగా ఉన్నా పైవాళ్లు దాన్ని చదవరు, దగ్గర్లో ఉన్న చిన్న ఉద్యోగిని పట్టుకుంటారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ యంత్రం ఆగినా నేను మొదట చేసిన పని, కారణం తేలేవరకు అధికారులెవరినీ ఆ గదిలోకి రానివ్వకపోవడం.