శుభలేఖ చాటున నాలుగొందల తప్పులు

చక్రపాణి మాస్టారు జన్మలో రెండో తప్పు చూసి ఎరుగరు. ఏ జాబితా ఇచ్చినా మొదటిదొక్కటే చదువుతారు. మిగతావన్నీ దాని పిల్లలేనని, తల్లిని పట్టుకుంటే పిల్లలు వాటంతటవే సర్దుకుంటాయని ఆయన సిద్ధాంతం.

మేడ్చల్ బస్ డిపో ఎదురుగా, మేడ మీద ఆయన కంప్యూటర్ సెంటరు. ప్రోగ్రాముని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ఎవరి రాతలోనైనా తప్పులు పట్టిందంటే చాలు, మాస్టారు సొరుగులోంచి తన పెళ్లి శుభలేఖ తీసి తెరకి అడ్డం పెట్టేవారు. పైన ఒక్క వరుస మాత్రం కనిపించేది.

"ఇది చదువు. కింద ఏముందో నీకనవసరం."

ఇంట్లోనూ ఇదే తంతు. "పాలు విరిగాయి, గ్యాసు అయిపోయింది, మీ తమ్ముడు పిల్లలతో దిగుతున్నాడు," అని భార్య శేషారత్నం ఏకరువు పెడితే, ఆయన పాలు తెచ్చి కూర్చునేవారు.

"గ్యాసు లేకుండా వీటిని దేనిమీద కాచను?"

"ఆఁ, ఇప్పుడు గ్యాసు మొదటిదైంది. చెప్పు."

2004 వేసవిలో మాధవీలత ఈ శుభలేఖ వాత పడింది. ఆమె శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే యాదయ్య కూతురు, మాస్టారి దగ్గర ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటోంది. సుచిత్ర దగ్గర ఒక చిన్న కంపెనీ ఆమెకు పరీక్ష పెట్టింది. ఫోటోలు తెరవడానికి వేరే ప్రోగ్రాములు వాడుకునే ఒక లైబ్రరీ మూల కోడ్ ఇచ్చి, దాన్ని కంపైల్ చేసి సోమవారం పొద్దున చూపించమంది. చూపిస్తే ఉద్యోగం, లేకపోతే సూరారం ఫ్యాక్టరీలో మందుల ప్యాకింగు పని.

శనివారం సెంటరులో కూర్చుని కంపైలర్‌ని నడిపింది. తెర నిండా తప్పులు, తెర దాటి ఇంకా తప్పులు. ఓపిగ్గా లెక్కపెట్టి, సంచి సర్దుకుంది.

"నాతోని గాదు సార్. గిన్ని తప్పులు ఎప్పుడు దిద్దాలె? ఇగ నేను పోత."

"ఎన్నున్నాయేంటి?"

"నాలుగొందల పన్నెండు."

మాస్టారు శుభలేఖ అడ్డం పెట్టారు. "ఏవీ? నాకొకటే కనబడుతోందే!"

మాధవీలతకి ఒళ్లు మండింది. అయినా చదివింది. "ఏందో ఫైలు దొరుకుతలేదంటాంది."

"అంతేనా? వెతుకుదాం పద."

ఆ ఫైలు ఇంకో లైబ్రరీలోది, అది ఉంటేగాని ఇది కదలదు. మాస్టారు కంప్యూటర్ పత్రికలతో వచ్చిన సీడీల అట్టపెట్టెని నేలమీద బోర్లించారు. పదిహేడో సీడీలో దొరికింది. మళ్లీ నడిపితే మూడొందల తొంభై తప్పులు ఒక్క దెబ్బకి ఎగిరిపోయాయి.

ఆదివారం శుభలేఖని మాధవీలతే పట్టుకుంది. పై వరుస రెండుసార్లు చదివి ఎగిరి గంతేసింది. "సార్, గా రెండో లైబ్రరీల ఇంకో ఫైలుది పాత కాపీ ఈ కంప్యూటర్ల ముందే ఉన్నది! మనం సీడీలకెల్లి ఎక్కించిన కొత్తది ఇడిసిపెట్టి గదే తీస్కుంటాంది!"

పాతదాన్ని పీకేసి నడిపింది. వరుసలు జారి జారి ఆగాయి. ఒక్క తప్పంటే ఒక్కటీ లేదు.

"అయిపాయె సార్! అయిపాయె!" ఆ కేకకి కింద బస్సుల దగ్గరున్న కండక్టర్లు తలెత్తి చూశారు. మాస్టారు ముఖం వెలిగిపోయింది గానీ, "మొదటిదే లేదు కాబట్టి ఇక చదవడానికేమీ లేదు," అని శుభలేఖ సొరుగులో పెట్టేశారు.

సోమవారం సాయంత్రం ఉద్యోగమూ, లడ్డూల పెట్టే పట్టుకుని మాధవీలత మెట్లెక్కింది. మాస్టారు ఒక్కరే కూర్చుని, తెరమీద మరెవరిదో తప్పుల జాబితా పైనుంచి కిందదాకా వేలు పెట్టి గబగబా చదివేస్తున్నారు. శుభలేఖ లేదు.

"సార్! మీరు అన్ని సదువుతున్నరేంది?"

మాస్టారు గబుక్కున శుభలేఖ కోసం సొరుగు లాగారు. టిఫిన్ క్యారియర్‌తో వెనకే వచ్చిన శేషారత్నం నవ్వేసింది.

"ఆయనెప్పుడూ అన్నీ చదువుతారమ్మా. సెంటరు పెట్టిన కొత్తలో ఒకమ్మాయి ఇలాగే తెర నిండా తప్పులు చూసి హడలిపోయింది. మళ్లీ రాలేదు. ఆ మర్నాడే మా శుభలేఖ ఇక్కడికొచ్చింది. అదంతా మీరు బెదిరిపోకుండా ఉండడానికే. ఇంట్లో ఆడే నాటకం మాత్రం ఒట్టి బద్ధకం!"

నాలుగొందల పన్నెండింటినీ ఆయన ముందే చూసి, తనకి ఒక్కటే చూపించారన్నమాట. మాధవీలతకి ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పొంగుకొచ్చింది.

మాస్టారు పెట్టెలోంచి లడ్డూ తీసుకున్నారు.

"మొదటిది ఒప్పుకున్నాను రత్నం," అన్నారు. "రెండోదేదో అన్నావే, అది నాకు వినబడలేదు."