సామ్రాట్టు గారి రోమన్ నాణెం

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలం కాదు, కరోనా తగ్గి ఆఫీసులు మమ్మల్ని మళ్ళీ వెనక్కి పిలుస్తున్న కాలం. నిజాంపేట హాస్టల్లో ఇడ్లీ మింగి, కొత్తగూడ జంక్షన్ ట్రాఫిక్‌లో సగం ఆయుష్షు పోగొట్టుకుని హైటెక్ సిటీ చేరేవాణ్ణి. డిగ్రీలో చరిత్ర చదివి సాఫ్ట్‌వేర్ టెస్టింగులో పడ్డాను కాబట్టి అందరూ నన్ను ‘మ్యూజియం’ అనేవారు. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. ఆ సంతకం పెట్టాల్సింది మా మేనేజరు. ఆయన్ని మేము (చాటుగానే లెండి) సామ్రాట్టు అనేవాళ్ళం. ‘టీమ్ అన్నాక ఒకచోట కూర్చోవాలండీ’ అంటూ మమ్మల్ని రోజూ ఆఫీసుకు రప్పించి, తాను మాత్రం శంకర్‌పల్లి ఫామ్‌హౌస్‌లో కూర్చుని మెయిళ్ళు పంపేవారు.

ఒకరోజు ఆయనే స్వయంగా ఊడిపడ్డారు, వెల్వెట్ డబ్బాలో వెండి నాణెంతో. వేలంలో కొన్నారట. “అగస్టస్ చక్రవర్తండీ! ఆ ముక్కు చూడండి, అచ్చం నాదేనని మా ఆవిడ కూడా అంది.” నాణెం మీద ముక్కంటూ ఉంటే కదా! ఆ మొహం చప్పరించిన పిప్పరమెంటు బిళ్ళలా అరిగిపోయింది. అయినా టీమంతా ఆ లేని ముక్కును చూసి మురిసిపోయింది. “ఏమోయ్ మ్యూజియం, నువ్వు చెప్పు” అని నా చేతిలో పెట్టారు. మా టీమ్ లీడ్ అక్క (వరంగల్ మనిషి, ఆ ఆఫీసులో నా మేలు కోరే ఏకైక ప్రాణి) నా చెవిలో, “ఊకో తమ్మీ. ఆయన అగస్టస్ అంటే అగస్టసే. జర నీ కన్ఫర్మేషన్ యాదుంచుకో” అంది.

ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? వెనక్కి తిప్పాను. “సార్, మన దేశంలో ఎక్కువగా దొరికే అగస్టస్ నాణేలకు వెనక ఇద్దరు కుర్రాళ్ళు నిలబడి ఉంటారు. దీనిమీద ఒకావిడ కూర్చుని ఉంది. ఇది ఆయన తర్వాత వచ్చిన టిబీరియస్‌ది అయ్యుంటుంది.” సామ్రాట్టు మొహం కాస్త వాడింది. “పోనీ, ఆయనా చక్రవర్తేగా? ఏం సాధించాడు?” అన్నారు. చరిత్ర చదివినవాణ్ణి చరిత్ర అడిగే మనిషి దొరకడమే గొప్ప. ఒళ్ళు మరిచిపోయాను. “చివర్లో రోమ్ వదిలేసి ఒక దీవిలో బంగళా కట్టుకున్నాడు సార్. కొలువంతా రాజధానిలోనే పడి ఉండేది, ఆయన మాత్రం అక్కణ్ణుంచే ఉత్తరాలు పంపి రాజ్యమేలేవాడు.”

“అయిపాయె” అని అక్క నెత్తి కొట్టుకుంది. ఎవరో నవ్వును దగ్గులా మార్చుకున్నారు. సామ్రాట్టు డబ్బా మూసి “గుడ్ అబ్జర్వేషన్” అన్నారు. ఆ వారమే నా ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. కారణం: ‘సందర్భం అర్థం చేసుకోవడంలో లోపం’. నిజమే, గదిలో అందరికీ అర్థమైన సందర్భం నాకొక్కడికే అర్థం కాలేదు.

ఇప్పుడు నేనూ మేనేజర్నే. మొన్న కొండాపూర్‌లో మా ఫ్లాట్ బాల్కనీలో కాళ్ళు చాపుకుని కాఫీ తాగుతూ, సోమవారం నుంచి అందరూ ఆఫీసుకు రావాలని టీముకు మెయిల్ పంపాను. పంపాక గానీ టిబీరియస్ గుర్తుకు రాలేదు. నా టీములో చరిత్ర చదివినవాడు ఒక్కడూ లేడు. హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత, నోరు అదుపులో పెట్టుకోలేని ఆనాటి ‘మ్యూజియం’ కుర్రాడు తలపుకొచ్చి, నవ్వుతో పాటు కాస్త బెంగ కూడా కలిగింది.