బెరడు కింద ఇరవై రెండేళ్లు

ఆఫీసులో ఆయనను అందరూ దుంగలాయన అంటారు. దుంగలా కదలడని కాదు లెండి. మన దేశమూ పొరుగు దేశమూ ఓడల మీద తెప్పించుకునే గట్టి కలప లెక్కలను ఏటేటా పక్కపక్కన పెట్టి పోల్చే పని ఆయనది. ఇరవై రెండేళ్లుగా అదే పని. ప్రతి ఏడూ పట్టిక కింద ఒకే మాట: ఎక్కువ తెప్పించుకుంటున్నది మనమే. దాన్ని ఎవరు చదివారంటారా? అచ్చువేసినవాడైనా చదివాడో లేదో.

భార్య పోయి ఆరేళ్లు. పిల్లల్లేరు. మేడ మీద ఒంటి గది, ఒక కంచం, ఒక గ్లాసు. ఆయన ఫోను మోగిందంటే రాంగు నంబరే. ఆయన చేసేదీ ఏడాదికి ఒక్క ఫోను, అంకెలు సరిచూసుకోవడానికి పొరుగు దేశపు గుమాస్తాకు. ఒకరి మొహం ఒకరు చూసెరుగరు. ఎవరు పెద్దో తేలలేదు గనుక ఇద్దరూ "అన్నగారూ" అనే పిలుచుకుంటారు. అంకెలు పావుగంటలో అయిపోతాయి. ఆ తర్వాత గంటసేపు మోకాళ్ల నొప్పులూ, కారే పైకప్పులూ. ఆ గంట కోసం దుంగలాయన ఏడాదంతా ఎదురుచూసేవాడు. మధ్యలో ఊరికే చేయొచ్చుగా అంటే, పనిలేకుండా ఫోనేమిటనుకుంటాడేమోనని మొహమాటం.

ఈసారి పొరుగు పట్టిక పొట్టి కాగితం మీద వచ్చింది. ఇదివరకు పొడుగు కాగితం వచ్చేది. తన పట్టికతో వరసలు కలవడానికి ఆయన దాని అడుగు భాగాన్ని వెనక్కి మడిచేవాడు. ఈసారి మడవక్కర్లేకపోయింది. అడుగున చీమ తలకాయంత అక్షరాలు: బెరడు వలిచి కొలిచినవి. పాతవన్నీ తీసి విప్పి చూశాడు. ప్రతి మడత కిందా అదే మాట.

రేవుకు పోయి కొలతల మేస్త్రీని అడిగాడు.

"మనం బెరడుతోనే కొలుస్తామండీ. పొద్దున దిగిన దుంగ సాయంత్రానికి లారీ ఎక్కాలి. వలిచే తీరిక ఎవడికుంది?"

మన అంకెల్లో బెరడు తీసేసి లెక్కేస్తే, ఇరవై రెండేళ్లలో పద్దెనిమిదేళ్లు ఎక్కువ తెప్పించుకున్నది వాళ్లే! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెబితే ఆఫీసరు ఆ పట్టికనే ఎత్తేస్తాడు, ఎప్పుడెప్పుడా అని కాచుక్కూచున్నాడు. పట్టిక పోతే ఫోనూ పోతుంది. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసి ఆఫీసరు చేతిలో పెట్టాడు.

"పాతవి సరిచేసి ఇచ్చేయండి. వచ్చే ఏడు నుంచి ఇక వద్దు" అన్నాడు ఆఫీసరు, తలైనా ఎత్తకుండా.

బల్ల దగ్గరికొచ్చి ఫోను చేశాడు.

"అన్నగారూ, పెద్ద తప్పు జరిగింది. మీవి బెరడు లేని కొలతలట. నేను చూసుకోలేదు."

"నాకు తెలుసన్నగారూ. తొమ్మిదేళ్ల కిందటే పట్టుకున్నాను."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మీవాళ్లు పట్టిక ఎత్తేస్తారని. ఇక నాకు మాత్రం ఎవరు ఫోన్ చేస్తారు చెప్పండి?"

దుంగలాయనకు కోపం రావాల్సింది, రాలేదు. లోకంలో తానొక్కడే ఒంటివాణ్ణని ఇన్నేళ్లూ అనుకున్నందుకు సిగ్గేసింది.

"ఎత్తేశారు. పాతవి సరిచేసి ఇమ్మన్నారు, అంతే" అన్నాడు. "ఇరవై రెండేళ్లవి. కూచుంటే ఇవాళే తేలిపోతాయి."

"ఇవాళెందుకు?" అన్నాడు అవతలాయన కంగారుగా. "రోజుకో ఏడాది చూద్దాం. చాలు."

దుంగలాయన మొదటి ఏడాది అంకెను ఎంత నెమ్మదిగా చదవొచ్చో అంత నెమ్మదిగా చదివాడు.